పొగ కనిపించిన తర్వాత

అడవిలోనో, ఎడారిలోనో, మంచుకొండల్లోనో తప్పిపోయి బతికి బయటపడ్డవాళ్ల కథలంటే నాకు పిచ్చి. అవి నిజంగా జరిగినవై ఉండాలి, అదొక్కటే నా షరతు. కల్పించిన కథలో మనిషి లోయలో పడితే, పడేసినవాడే లేపుతాడులే అన్న ధీమా మనకు ఎక్కడో ఉంటుంది. నిజం కథలో ఆ ధీమా ఉండదు. అక్కడ అగ్గిపుల్ల తడిస్తే తడిసిందే. మా అమ్మకు ఈ పిచ్చి ఎప్పుడూ అర్థం కాలేదు. గోదావరి కాలవ గట్టున పుట్టి, మోకాలి లోతు నీళ్లలో దిగడానికి పదిసార్లు ఆలోచించే దానివి, నీకెందుకే ఆ అడవులు అని నవ్వేది. నేను కోపం తెచ్చుకునేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది, మొండితనం దానికంటే తొందరగా వస్తుంది. ఈ రెండూ ముందే ఒప్పుకుంటే చెప్పబోయేది చెప్పడం తేలిక.

రెండు వేల తొమ్మిదిలో నాకు శంషాబాద్ విమానాశ్రయంలో, సరుకు రవాణా చేసే చోట గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ద్రాక్షపళ్లు, మందులు, యంత్రాల విడిభాగాలు ఏ దేశం వెళ్తున్నాయో ఆ దేశపు కాగితాలు సరిచూడడం నా పని. శంషాబాద్ పాత ఊళ్లోనే ఒక ఇంటి వెనక గది కిరాయికి తీసుకున్నాను. ఆదివారం వస్తే ఆబిడ్స్ వెళ్లి, ఫుట్‌పాత్ మీద గుట్టలు పోసిన పాత పుస్తకాల్లో వెతికేదాన్ని. అట్ట చిరిగినా, ఎవరి పేరో రాసి ఉన్నా, లోపల ఎవరో ఒకరు ఆకలితో నడుస్తూ ఉంటే చాలు, కొనేసేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు ఆరాంఘర్ నుంచి గగన్‌పహాడ్ దాకా లారీల మధ్య బస్సు ఆగి ఆగి కదిలేది. అందరూ విసుక్కునేవాళ్లు. నేను మాత్రం ఏ మంచు మీదో ఉండేదాన్ని.

ఆ ఇంటి యజమాని గొర్రెలు కాసిన మనిషి. డెబ్బైకి దగ్గర పడ్డాడు. మంద మేసిన బీళ్లు కొన్ని విమానాశ్రయంలోకీ, కొన్ని రింగురోడ్డు కిందకీ పోయాక గొర్రెలన్నీ అమ్మేసి, అలవాటు చావక నాలుగు మేకలు మిగుల్చుకున్నాడు. ఆయన భార్య వయసులో చాలా చిన్నది, ఆ వీధి అంగన్‌వాడీలో ఆయా. మొదట్లో నేను ఆయన్ని బాబాయిగారూ అంటే, వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసేవాడు. ఇంట్లో గారు లేదు, బాపు అను చాలని ఆవిడే తీర్పు చెప్పింది. ఆవిణ్ని మాత్రం పిన్నీ అనడం నా నోటికి అలవాటైపోయింది. తండ్రి భార్య పిన్ని ఎలా అవుతుందని ఆ ఇంట్లో ఎవరూ లెక్కలు తీయలేదు.

రెండు వేల పది చివర్లో దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. బట్టలు వదులయ్యాయి. సన్నబడ్డావని ఆఫీసులో ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. దగ్గు మూడు వారాలు దాటాక పిన్ని నన్ను సర్కారు దవాఖానకు లాక్కుపోయింది. కళ్లె పరీక్ష చేసి క్షయ అన్నారు. అమ్మకు ఫోన్‌లో జలుబని చెప్పాను, ఆఫీసుకు కామెర్లని చెప్పి సెలవు పెట్టాను. కామెర్లు మర్యాదైన జబ్బు, మజ్జిగ తాగమని సలహా ఇచ్చి వదిలేస్తారు. క్షయ అంటే అలా వదలరు.

ఆ మందులకు ఒక పద్ధతి ఉండేది. ఆరు నెలల మందులూ రోగి పేరు రాసిన ఒకే అట్టపెట్టెలో పెట్టి, ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బయటి మనిషికి అప్పగిస్తారు. వారానికి మూడు రోజులు ఆ మనిషి కళ్ల ముందే మింగాలి. మింగాక ఆ మనిషి కార్డు మీద గుర్తు పెట్టాలి. మా వీధికి ఆ మనిషి పిన్నే. అంటే నా సంగతి దాచడానికి ఆ ఇంట్లో వీల్లేదు. గది ఖాళీ చేయమంటుందని రెండు రోజులు ఎదురుచూశాను. ఆవిడ నా కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా జరిపించి, పరుపు ఎండలో వేయించి, సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఏడు మాత్రలు అరచేతిలో పోసేది. మింగాక నోరు తెరవమనేది, నాలుక ఎత్తమనేది. అంగన్‌వాడీ పిల్లల దగ్గర నేర్చిన అనుమానం అది. నాకు ఒళ్లు మండేది, కానీ నోరు తెరిచేదాన్ని.

సెలవు రోజుల్లో ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని వాకిట్లో ఎండలో కూర్చుని చదువుకునేదాన్ని. బాపు కాస్త దూరంగా మంచం మీద కూర్చుని మేకల కోసం రొట్ట కోసుకునేవాడు. నెత్తిమీద చక్రాలు దించుకుని విమానాలు దిగుతూ ఉండేవి, మేకలు కూడా తలెత్తేవి కావు. ఆయనకు చదువు రాదు. అంతసేపు ఆ పుస్తకంలో ఏముందని ఒకరోజు అడిగాడు. చలిదేశంలో కొండెక్కి దారితప్పిన ఒక బడిపంతులు సంగతి చెప్పాను. మొత్తం విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, కాళ్లకు ఏమేసుకున్నాడని. పుస్తకంలో వెతికితే నిజంగానే ఆ పంతులు బతుకంతా బూట్ల మీదే ఆధారపడి ఉంది. నేను రెండుసార్లు చదివి కూడా ఆ ముక్క దాటేశాను.

ఆ రోజు నుంచి రోజుకో కథ. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన సందుల్లోకి దూరేవాడు. సముద్రంలో పడవ విరిగి కొట్టుకుపోయిన జాలరి కథ చెబితే, వాన నీళ్లు దేంట్లో పట్టాడని. ఎడారిలో నడిచిన మనిషి కథ చెబితే, పగలు నడిచిన తెలివితక్కువవాడు ఎవడని. ఒక్కో కథకు తీర్పు కూడా ఉండేది. ఒకడు బతకాల్సినవాడే బతికాడు. ఇంకొకడు తెలివిలేక తప్పిపోయి, అదృష్టం కొద్దీ దొరికాడు, వాడికి పుస్తకం ఎందుకు అనేవాడు. నేను వాడి తరఫున పోట్లాడేదాన్ని. పోట్లాటలో దగ్గు వస్తే ఆయన ఆగి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ ఆగడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఆ కథల్లో ఏముందని ఇంత ఇష్టమో నాకు ఆ వాకిట్లోనే కొంచెం తెలిసింది. తప్పిపోయినవాడికి పెద్ద ప్రశ్నలుండవు. పెళ్లి అవుతుందా, ఉద్యోగం నిలుస్తుందా, నలుగురూ ఏమనుకుంటారు, ఇవేవీ ఉండవు. ఈ పూట నీళ్లు, ఈ రాత్రికి నిప్పు, ఆ రాయి దాకా నడక. నాకూ అంతే అయింది. ఈ సోమవారం ఏడు మాత్రలు, తర్వాత బుధవారం. బతుకు అంత చిన్నదైపోతే భయం కూడా చిన్నదవుతుంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు గడ్డి నమిలి నలభై రోజులు నిలిచారంటే, అన్నం వండిపెట్టే మనిషి పక్కనున్న నేను నిలవలేనా అనుకునేదాన్ని. అబద్ధం ఎందుకు, కొంచెం గర్వం కూడా ఉండేది. నన్ను నేను ఒక పుస్తకంలో చూసుకునేదాన్ని.

రెండో నెలాఖరు పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇక ఎవరికీ అంటుకోదు, పనికి వెళ్లవచ్చు, కానీ నాలుగు నెలలు మందులు ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆపితే జబ్బు తిరగబెడుతుందనీ, అప్పుడు ఈ మందులకు లొంగదనీ, చుట్టూ ఉన్నవాళ్లకు కూడా ఆ మొండి జబ్బే అంటుకుంటుందనీ పిన్ని ఎదురుగానే చెప్పింది. పిన్ని అంత శ్రద్ధగా వినడానికి కారణం ఉంది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి రాబోతోంది. కందుకూరు దగ్గర అత్తగారి ఊరు. ఏప్రిల్‌లో పురుడు. పసిగుడ్డు ఉండబోయేది నా గదికి నాలుగు అడుగుల దూరంలో.

అప్పటి నుంచి పద్ధతి కొంచెం మారింది. వారానికి ఒక మందుల అట్ట ఇస్తారు. సోమవారం మోతాదు పిన్ని ముందు మింగాలి, బుధ, శుక్రవారాలవి నేనే ఇంట్లో వేసుకుని, వచ్చే సోమవారం ఖాళీ అట్ట తిరిగి ఇవ్వాలి. ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. ఒంట్లో బలం వచ్చింది, మొహం నిండింది. మాత్ర వేసుకున్న రోజున మాత్రం కడుపులో తిప్పి, మధ్యాహ్నం దాకా అన్నం సయించేది కాదు. పోయిన జబ్బుకు మందేమిటని ఒక బుధవారం మాత్రలు ఒత్తి బయటికి తీసి, బట్టలుతికే బండ పక్కన మోరీ కాలవలో వేసి చెంబుడు నీళ్లు పోశాను. సోమవారం ఖాళీ అట్ట పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని ఎండకు ఎత్తి చూసి, సంతోషంగా గుర్తు పెట్టింది. అలా మూడు వారాలు, ఆరు మోతాదులు. సిగ్గుగా ఉన్నా చెప్పాలి, అప్పుడు నాకు పెద్దగా సిగ్గు వేయలేదు.

ఎన్ని కథలు చదివాను. గుడారం కనపడే దూరంలో కూలిపోయినవాళ్లు, ఒడ్డు కనపడగానే మిగిలిన నీళ్లన్నీ తాగేసినవాళ్లు ఎంతమంది ఎదురయ్యారు. వాళ్లను చూసి అయ్యో పిచ్చివాడా అని పేజీ తిప్పినదాన్ని నేనే.

ఒక శుక్రవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే బాపు పిలిచాడు. మోరీ దగ్గర చేతికర్రతో నిలబడి ఉన్నాడు. తెల్లమాత్రలు కరిగిపోయాయి గానీ, ఎర్ర గొట్టం మాత్రలు రెండు మూడు బండ కింద చిక్కుకుని, నాని, అక్కడి మట్టంతా ఎర్రబారింది. ఆయన కర్రతో దాన్ని చూపించాడు. ఇదేమిటని అడగలేదు. నా మొహం చూశాడు, కర్ర పక్కన పెట్టాడు. ఇన్నాళ్లూ నువ్వు చెప్పావు, ఇవాళ నేను చెబుతాను, కూర్చోమన్నాడు. ఇన్ని నెలల్లో ఆయన తన సంగతి ఒక్కటీ చెప్పి ఉండలేదు.

ఇరవై ఏళ్ల వయసులో, ఎండాకాలం మేత కోసం తోటివాళ్లతో కలిసి మందను నల్లమలకు తోలుకుపోయాడట. ఒక గాలివానకు మంద చెదిరింది. ఆరు గొర్రెల కోసం వెళ్లి తనే తప్పిపోయాడు. మూడు రోజులు. ఎండిన వాగు ఇసుకలో చెలిమె తవ్వుకుని నీళ్లు తాగాడు, తునికి పండ్లు తిన్నాడు, రోజూ సాయంత్రం ఒక జల్లు పడితే గొంగడి కప్పుకుని బండ కింద ముడుచుకున్నాడు. మూడో రోజు పొద్దు వాలే వేళకు ఎదుటి గుట్ట మీద పొగ కనిపించింది. పొగ ఉంటే మనుషులున్నట్టే. గొంగడి తడిసి ఒక గొర్రెంత బరువుంది, పైగా దిగాల్సిన లోయ నిటారుగా ఉంది. దాన్ని ఒక రాతి మీద పెట్టి, చేతులు ఊపుకుంటూ పరుగున దిగాడట. పొగ దగ్గరలో ఉన్నట్టు కనిపించింది గానీ మధ్యలో రెండు లోయలు ఉన్నాయి. చీకటి పడింది, వడగళ్ల వాన మొదలైంది. గొర్రెల కాపరికి గొంగడే ఇల్లు. తడిసినా అందులో వెచ్చదనం ఉంటుంది. అది లేక ఆ రాత్రి ఆయన పళ్లు కొట్టుకోవడం కూడా ఆగిపోయిందట. వణుకు ఆగిందంటే ఏమిటో ఆయనకు తెలుసు, చలికి చచ్చిన గొర్రెల్ని చూశాడు.

"మూడొద్దులు అడివి నన్నేం చెయ్యలే బిడ్డా," అన్నాడు. "పొగ కనవడ్డంక నాకు నేనే చేసుకున్న. ఊరొచ్చిందనుకునుడు వేరు, ఊరొచ్చుడు వేరు."

పొద్దున కట్టెలకు వచ్చిన ఒక చెంచు ముసలమ్మ ఆయన్ని చూసి, మనవణ్ని పిలిచి మోయించుకుపోయి, నిప్పు దగ్గర పడుకోబెట్టి జావ పోసింది. నాలుగు రోజులు ఉంచుకుని దారి చూపించి పంపింది. అంతే కథ. పిన్నికి చెబుతారా అని అడిగాను. తను చెప్పనన్నాడు. చెప్పాల్సింది ఎవరో నీకు తెలుసు కదా అని లేచి మేకల దగ్గరికి పోయాడు.

ఆఫీసుకు పోలేదు. మధ్యాహ్నం పిన్ని అంగన్‌వాడీ నుంచి వచ్చి, పాత చీరలు చింపి రాబోయే బిడ్డకు పొత్తిగుడ్డలు చేస్తూ కూర్చుంది. మెత్తగా ఉన్నాయో లేదో చెంపకు ఆనించి చూసుకుంటోంది. ఆ పని చూస్తూ చెప్పడం నా జన్మలో అన్నిటికంటే కష్టమైన పని. చెప్పాను. గది ఖాళీ చేస్తానని కూడా చెప్పాను. ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎన్ని అని అడిగింది. ఆరు అన్నాను. వేళ్ల మీద వారాలు లెక్క పెట్టుకుంది. తిడుతుందని చూశాను, తిడితే బాగుండేది. ఖాళీ చేసి ఎక్కడికి పోతావు, అక్కడ ఎవరు చూసి మింగిస్తారు అని మాత్రం అని, గుడ్డలన్నీ మడిచి లోపల పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం దవాఖానకు నడిచాం. ఆవిడ దారంతా నాకంటే నాలుగు అడుగులు ముందు నడిచింది. ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటూ వెళ్లాను. కూర్చోగానే నేను నోరు తెరిచేలోపు ఆవిడ కార్డు బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది డాక్టరమ్మా," అంది. "చూసి మింగియ్యాల్సింది నేను. అట్ట చూసిన గని పిల్లను చూడలే."

డాక్టరమ్మ ఇద్దర్నీ తిట్టింది. నాకు పడాల్సినవి కూడా సగం ఆవిడ మీద పడ్డాయి, ఆవిడ తల వంచుకుని పడింది. నేను అడ్డం వెళ్లి నిజం చెప్పాను, అది డాక్టరమ్మకు ముందే అర్థమైంది. మళ్లీ కళ్లె తీసుకున్నారు. ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది, మధ్యలో ఒక రోజు బంద్ వచ్చింది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో బంద్‌లు మామూలే. నీ గారులు వేసుకుని బయట తిరగకు అని పిన్ని వాకిలి తలుపు వేసింది. ఆవిడ మళ్లీ నాతో వేళాకోళం ఆడిందని నాకు ఏడుపొచ్చింది. ఆ నాలుగు రోజులూ కూతురికి ఫోన్ చేసి, ఇంకో వారం ఆగి వద్దువులే అని ఏవో సాకులు చెబుతూ ఉంది. నా పేరు ఎత్తలేదు. నేను గోడ ఇవతల విన్నాను. నాకు మళ్లీ జబ్బు వస్తుందేమో అన్న భయం కంటే, ఆ పిల్ల నా వల్ల పుట్టింటికి రాలేకపోతుందేమో అన్న భయమే ఎక్కువగా ఉండేది.

పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. తప్పిన ఆరు మోతాదులూ చివర కలిపి పూర్తి చేయాలన్నారు. ఇక అట్ట నా చేతికి ఇవ్వొద్దని పిన్నే అడిగింది. మళ్లీ వారానికి మూడు పూటలు, నోరు తెరవడం, నాలుక ఎత్తడం. ఈసారి ఒళ్లు మండలేదు. ఆఖరున కూతురు వచ్చింది, ఏప్రిల్ చివర ఆడపిల్ల పుట్టింది. భయం లేదని డాక్టరమ్మ చెప్పినా నేనే నాకో కట్టుబాటు పెట్టుకున్నాను. నా తలుపు వేసి ఉంచేదాన్ని, ఇంటి చుట్టూ తిరిగి వెనక దారిన వచ్చేదాన్ని. పిల్ల ఏడుపు వినడమే తప్ప పిల్లను చూడలేదు.

ఆ రోజుల్లో పుస్తకాలన్నీ మళ్లీ తీసి, చివరి పేజీలు మాత్రం చదివాను. ఒక రైతు చూశాడు. ఒక పడవ వచ్చింది. దారిన పోయే ఎవరో దుప్పటి కప్పారు. ఎంత లావు పుస్తకంలోనైనా అలా కాపాడినవాళ్లకు దక్కేది ఒక్క వాక్యం. ఆ చెంచు ముసలమ్మ పేరేమిటని బాపును అడిగాను. అడగలేదన్నాడు. తర్వాత ప్రతి ఏడూ మంద తోలుకుపోయినప్పుడు ఆ గుట్ట వెతికాడట, దొరకలేదట. "గిప్పుడైతే అడుగుదును," అని మేకలకు రొట్ట వేయడానికి లేచాడు. నన్ను కాపాడినవాళ్ల ఇల్లు నేను వెతుక్కునే పని లేదు, గోడ అవతలే ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది.

జూన్‌లో ఆఖరి మోతాదు అయింది, ఆఖరి పరీక్ష అయింది. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి మొదటి నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏడ్చి, ఒకసారి పిన్నికి ఇమ్మంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఫోన్ తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు పిన్ని చంకలో మనవరాలు ఉంది. ఫోన్ నా చేతిలో పెట్టి, ఒక్క మాట అడగకుండా ఆ పిల్లను నా ఒళ్లో పడుకోబెట్టింది. నూనె రాసిన చిన్న తల నా మోచేతి మీద వాలింది. పిల్ల నా మొహంలోకి చూస్తోంది. నేను బిగుసుకుపోయి అలాగే కూర్చున్నాను. అలా ఎందుకు బిగుసుకున్నానో పిన్నికి ఒక్క క్షణంలో అర్థమైంది. పక్కన కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఊపిరి తీస్కో బిడ్డా," అంది. "ఏం గాదు."